పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసింది, ఇల్లు ఖాళీ చేయించడానికి నోటీసు ఎలా ఇవ్వాలి?

మల్కాజిగిరి_ఇల్లు:
మా ఇంటి మొదటి అంతస్తు పోర్షన్‌ను ఒక కుటుంబానికి నెలకు 14,000 రూపాయల అద్దెకు ఇచ్చాము. 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన పదకొండు నెలల అగ్రిమెంటు గడువు నిరుడే ముగిసింది. మళ్ళీ రాసుకోలేదు కానీ వారు ప్రతి నెలా అయిదో తేదీ లోపు ఫోన్‌పేలో అద్దె పంపుతున్నారు, మేము తీసుకుంటున్నాము. వారి మీద మాకు వేరే ఫిర్యాదేమీ లేదు. మా అత్తగారు, మామగారు పెద్దవారైపోయి ఊళ్ళో ఒంటరిగా ఉండలేకపోతున్నందున వారిని తీసుకువచ్చి ఈ పోర్షన్‌లో ఉంచాలనుకుంటున్నాము. నోటిమాటగా చాలాసార్లు చెప్పాము, పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామంటున్నారు తప్ప తేదీ చెప్పడం లేదు. అగ్రిమెంటు అయిపోయింది కనుక నోటీసు అక్కరలేదని కొందరు, మూడు నెలల నోటీసు తప్పనిసరి అని కొందరు, పోలీసు స్టేషనుకు వెళ్ళమని మరికొందరు అంటున్నారు. చట్టం ఏమంటుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

కాలనీ_కార్యదర్శి:
మేడమ్, మా కాలనీలో నెల రోజుల నోటీసు ఇవ్వడం ఆనవాయితీగా వస్తోంది, దాదాపు అందరూ దానికి కట్టుబడతారు. మీ విషయంలో అగ్రిమెంటు గడువే దాటిపోయింది కనుక వారికి ఇక ఏ హక్కూ లేదని నా అభిప్రాయం. ఒక వారం మోటారు నీళ్ళు ఆపితే వారే ఇల్లు చూసుకుంటారని, కోర్టుల చుట్టూ తిరగడం కంటే అది నయమని చాలామంది యజమానులు అంటారు.

సివిల్_ప్రాక్టీసు:
కార్యదర్శి గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ చివరి సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. అద్దెకున్న మనిషి గడువు దాటాక కూడా ఆ ఇంట్లో స్థిరమైన స్వాధీనంలో ఉన్నట్లే లెక్క. చట్టప్రకారం తప్ప మరో దారిలో అతన్ని బయటికి పంపే హక్కు యజమానికి లేదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారాం మహాలే కేసులో స్పష్టంగా చెప్పింది. తాళం మార్చి బయటికి నెడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల లోపు దావా వేసి కిరాయిదారు మళ్ళీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నే రాదు, ఎవరిని ఎవరు బలవంతంగా ఖాళీ చేయించారు అన్నదే చూస్తారు. ఇల్లు మీదే అయినా ఆ దావాలో మీరు ఓడిపోవచ్చన్నమాట.

ఇక నోటీసు సంగతి. ముందుగా తేల్చుకోవలసింది, మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుంది అన్నది. తెలంగాణలో రెండు దారులున్నాయి. ఒకటి, ఉమ్మడి రాష్ట్ర కాలంలో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం, మన వాడుకలో రెంట్ కంట్రోల్ చట్టం. రెండవది, దేశమంతటికీ వర్తించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. 2005లో చేసిన సవరణ వల్ల మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళు, మిగిలిన చోట్ల 2,000 దాటిన ఇళ్ళు రెంట్ కంట్రోల్ చట్టం పరిధి నుంచి బయటికి వచ్చాయి. మీ అద్దె 14,000 కనుక మీరు రెండవ దారిలోకే వస్తారు, వెళ్ళవలసింది మామూలు సివిల్ కోర్టుకే.

ఆ దారిలో 106వ సెక్షను ముఖ్యం. వేరే ఒప్పందం లేనప్పుడు నివాస గృహం అద్దె నెలనెలా సాగే అద్దెగా పరిగణించబడుతుంది, దానిని ముగించడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. మూడు నెలలు అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు కానీ ఈ సెక్షనులో అయితే లేదు. ఆరు నెలలన్నది వ్యవసాయానికి, వస్తువుల తయారీకి ఇచ్చిన ఆస్తులకు మాత్రమే. అయితే మీ అగ్రిమెంటులో 'ఇరుపక్షాలలో ఎవరైనా ఒక నెల నోటీసు ఇవ్వాలి' అన్న వాక్యం ఉందేమో ఒకసారి తీసి చూడండి. ఉంటే గడువు ముగిసిందన్న ధీమాతో పదిహేను రోజులకే పరిమితం కాకుండా నెల రోజులు ఇవ్వండి. అవతలి లాయరు వాదించడానికి ఒక పాయింటు తగ్గుతుంది.

పోర్షన్_నివాసి:
నేను కిరాయిదారును కనుక రెండో వైపు మాట కూడా ఇక్కడ రాయడం అవసరం అనుకుంటున్నాను. ఇంతకు ముందున్న ఇంట్లో మా ఓనరు వాట్సాప్‌లో 'వారంలో ఖాళీ చేయాలి' అని ఒక్క లైను పంపారు. నేను వ్యవధి అడిగినందుకు మూడో రోజు ఉదయం మీటరు బోర్డులో మా పోర్షన్ ఫ్యూజు తీసేశారు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, ఎండాకాలం. 100కు ఫోన్ చేస్తే వచ్చిన కానిస్టేబుల్ ఇది సివిల్ తగాదా అని చెప్పినా, ఫ్యూజు మాత్రం వెంటనే పెట్టించారు. తర్వాత లాయరు ద్వారా ఇంజంక్షన్ దావా (బలవంతంగా ఖాళీ చేయించకుండా ఆపమని కోర్టును కోరే దావా) వేశాక గానీ మాకు నిద్ర పట్టలేదు. చివరికి మేమే రెండు నెలలకు ఖాళీ చేశాము. మొదటి రోజే కాగితం మీద ఒక తేదీ రాసి ఇచ్చి ఉంటే ఆ రెండు నెలలు కూడా పట్టేవి కావు. మేడమ్ గారు ముందుగా అడిగి తెలుసుకుంటున్నందుకు సంతోషం.

కాలనీ_కార్యదర్శి:
నీళ్ళ విషయంలో నా మాటను వెనక్కు తీసుకుంటున్నాను, చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అలా జరగడం ఎవరూ సమర్థించలేనిది. అయితే యజమానుల ఇబ్బంది కూడా గమనించాలి. సివిల్ కోర్టులో దావా ఏళ్ళ తరబడి సాగుతుందన్న భయమే వారిని అలాంటి పనులకు నెడుతోంది.

పాతబస్తీ_కిరాయి:
నాది వేరే రకం ప్రశ్న. మా నాయన కాలం నుంచి ఉంటున్న ఇంటికి మేము నెలకు 1,800 కిరాయి కడుతున్నాము. నాయన పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అమ్మ, నేను, తమ్ముడు ఉంటున్నాము. ఓనరు కొడుకు మాకు ఏ నోటీసూ ఇవ్వకుండానే సొంతానికి ఇల్లు కావాలని రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేశాడు. సమన్లు కూడా మా ముగ్గురిలో ఒక్కరికే వచ్చాయి. 106వ సెక్షను నోటీసు లేదు కనుక కేసు కొట్టేస్తారని మా బంధువు ఒకాయన ధైర్యం చెబుతున్నారు. నిజమేనా? ఇంకొక సంగతి, రెండు నెలలుగా ఆయన కిరాయి తీసుకోవడం మానేశాడు.

సివిల్_ప్రాక్టీసు:
మీ బంధువు గారి మాట మీద ఆధారపడవద్దు. రెంట్ కంట్రోల్ చట్టం వర్తించే ఇంటి విషయంలో, ఖాళీ చేయించే పిటిషన్‌కు ముందు 106 నోటీసు అవసరం లేదని 1979లోనే సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ధనపాల్ చెట్టియార్ కేసులో తేల్చేసింది. అందుకు కారణం కూడా చెప్పారు. ఈ చట్టం కింద అద్దె ఒప్పందాన్ని ముగించినంత మాత్రాన యజమానికి ఇల్లు రాదు, 10వ సెక్షనులో చెప్పిన కారణాలలో ఒకదానిని రుజువు చేయాలి. నోటీసు వల్ల యజమానికి ఒరిగేదేమీ లేనప్పుడు దాన్ని తప్పనిసరి చేయడం ఎందుకు అన్నది ఆ తీర్పు సారాంశం.

అందుచేత మీ శక్తినంతా నోటీసు లేదన్న వాదన మీద పెట్టకండి. సొంత అవసరం అన్నప్పుడు ఆ అవసరం నిజమైనదా, ఆయనకు అదే నగరంలో తాను ఉండే సొంత ఇల్లు ఇంకొకటి ఉందా అన్నవే అసలు ప్రశ్నలు. మీ ముగ్గురిలో ఒక్కరికే సమన్లు వచ్చాయన్న అభ్యంతరం కూడా అంతగా నిలవదు. అసలు కిరాయిదారు చనిపోతే వారసులందరూ ఉమ్మడి కిరాయిదారులని, ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ ఇచ్చినట్లేనని 1989లో హెచ్.సి. పాండే కేసులో చెప్పారు.

అయితే మీరు చివర్లో రాసిన విషయం అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఓనరు తీసుకోవడం లేదు కదా అని కిరాయి కట్టడం ఆపితే, రేపు కావాలనే ఎగవేశారన్న కారణాన్ని కూడా పిటిషన్‌లో చేరుస్తారు. 8వ సెక్షను ఇందుకే ఉంది. ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో వేయాలో పది రోజుల లోపు చెప్పమని ఆయనకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. చెప్పకపోతే మనియార్డరు చేయండి. అది తిరిగి వస్తే రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయడానికి దరఖాస్తు పెట్టండి. ఇప్పటికే పిటిషన్ నడుస్తోంది కనుక 11వ సెక్షను ప్రకారం బకాయి కట్టి, ప్రతి నెలా కడుతూ ఉంటేనే మీ వాదన వింటారు. రెండు నెలలు గడిచాయంటున్నారు, ఈ వారంలోనే మీ లాయరు గారిని కలవండి.

పాతబస్తీ_కిరాయి:
చాలా ధన్యవాదాలు సార్. రేపే వెళ్తాను. ఈ మనియార్డరు సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తపాలా_రిటైర్డ్:
నేను తపాలా శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నోటీసు కవర్ల విషయంలో జనం చేసే పొరపాట్లు నా కళ్ళతో చూసినవి కొన్ని చెబుతాను, మేడమ్ గారికి ఉపయోగపడవచ్చు.

ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు వేరుగా లేదు, 2025లో దానిని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో రసీదు తీసుకునేటప్పుడు డెలివరీ అయినట్లు రుజువు కూడా కావాలని అడగండి. చిరునామాలో ఇంటి నంబరుతో పాటు 'మొదటి అంతస్తు' అని తప్పక రాయాలి. ఒకే ఇంటి నంబరులో కింద యజమాని, పైన కిరాయిదారు ఉన్నప్పుడు పోస్టుమాన్ కింది గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిన సందర్భాలున్నాయి. అప్పుడు యజమాని తన నోటీసును తానే సంతకం చేసి తీసుకున్నట్లవుతుంది! కిరాయిదారు తీసుకోకపోతే పోస్టుమాన్ కవరు వెనుక 'నిరాకరించారు' అనో, 'తలుపు తాళం వేసి ఉంది' అనో, 'ఇల్లు వదిలి వెళ్ళారు' అనో రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెడతాడు. ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచాక ఎవరూ రాకపోతే పంపినవారికి తిప్పి పంపుతారు. ఆ తిరిగొచ్చిన కవరును చింపవద్దు, అలాగే సీలుతో కోర్టుకు ఇవ్వాలి. విప్పిన కవరులో ఏ కాగితం ఉండేదో మీరు మళ్ళీ నిరూపించుకోవలసి వస్తుంది.

సివిల్_ప్రాక్టీసు:
తపాలా వారు చెప్పినది బంగారంలాంటి మాట. దానికి చట్టం వైపు నుంచి కొంత చేర్చుతాను. సరైన చిరునామాకు, పోస్టేజీ కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం అందినట్లే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 27వ సెక్షను చెబుతుంది, తీసుకోవడానికి నిరాకరించినా అందినట్లే. 106వ సెక్షను నోటీసుకు మూడు షరతులు పెట్టింది: రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారు గానీ వారి తరఫున మరొకరు గానీ సంతకం చేయాలి, పోస్టులో పంపాలి లేదా స్వయంగా అతనికో, ఆ ఇంట్లోని కుటుంబసభ్యుడికో, పనిమనిషికో అందించాలి. ఆ విధంగా ఇవ్వడం సాధ్యం కాకపోతేనే ఇంటి మీద కనిపించే చోట అంటించవచ్చు. వాట్సాప్ సందేశాన్ని అదనంగా పంపుకోండి, ఒక్క దానినే నమ్ముకోకండి.

పదిహేను రోజులను పోస్టు చేసిన తేదీ నుంచి కాకుండా కిరాయిదారుకు అందిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. పూర్వం నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతో ముగియాలన్న నియమం ఉండేది. దాని మూలంగా ఒక్క రోజు తేడా వచ్చినా మొత్తం దావా పోయిన కేసులు లెక్కలేనన్ని. 2002 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో ఆ బెడద పోయింది. నోటీసులో రాసిన వ్యవధి తక్కువైనా, అసలు వ్యవధి పూర్తయిన తర్వాతే దావా వేస్తే ఆ లోపం వల్ల నోటీసు చెల్లకుండా పోదు.

మల్కాజిగిరి_ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. అగ్రిమెంటు తీసి చూశాను, నెల రోజుల నోటీసు అని రాసి ఉంది, అంతే ఇస్తాను. ఒక సందేహం. నోటీసు ఇచ్చాక కూడా వారు మామూలుగానే ఫోన్‌పేలో డబ్బు పంపితే? వద్దనడానికి వీలులేకుండా నేరుగా ఖాతాలో పడిపోతుంది. అద్దె తీసుకుంటే నోటీసు రద్దయిపోతుందని మా మరిది గారు అంటున్నారు.

పోర్షన్_నివాసి:
మా లాయరు కూడా మాకు అదే చెప్పారు. నోటీసు వచ్చాక అద్దె పంపుతూనే ఉండమని, యజమాని తీసుకుంటే అది మనకు కలిసివస్తుందని అన్నారు.

సివిల్_ప్రాక్టీసు:
మీ మరిది గారి మాటలో సగం ఆధారముంది. ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షనులో నోటీసు మాఫీ గురించి ఉంది. నోటీసు గడువు తీరిన తర్వాతి కాలానికి అద్దె అని ఇచ్చి, అద్దె అని తీసుకుంటే నోటీసును వదులుకున్నట్లు అని ఒక ఉదాహరణ కూడా చట్టంలోనే ఇచ్చారు. అయితే 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకున్నంత మాత్రాన మాఫీ కాదని, అద్దెను కొనసాగించాలన్న ఉద్దేశం యజమానికి ఉన్నట్లు కనిపించాలని చెప్పింది. ఇల్లు వాడుకుంటున్న కాలానికి యజమానికి పరిహారం రావలసిందే కదా! కాబట్టి మీరు డబ్బు వెనక్కి పంపనక్కరలేదు. నోటీసులోనే 'ఈ గడువు తర్వాత మీరు చెల్లించే ఏ మొత్తాన్నయినా అద్దెగా కాక, ఇంటిని వాడుకున్నందుకు నష్టపరిహారంగా, నా హక్కులకు భంగం లేకుండా మాత్రమే స్వీకరిస్తాను' అని రాయండి. డబ్బు పడిన ప్రతిసారీ అదే మాటను సందేశంగా పంపండి. 'అద్దె అందింది, ధన్యవాదాలు' అని అలవాటుగా టైపు చేయవద్దు, మీకు వ్యతిరేకంగా దానినే చూపిస్తారు.

డాలస్_నుంచి:
మాకు కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు ఉంది, మేము టెక్సాస్‌లో ఉంటాము. కిరాయిదారు నాలుగు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. ఇక్కడైతే అద్దె ఎగవేతకు మూడు రోజుల నోటీసుతో కోర్టుకు వెళ్ళే వీలుంది కనుక అక్కడ కూడా అలాంటిదేదైనా ఉంటుందనుకున్నాను. నోటీసును నేను ఇక్కడి నుంచి ఈమెయిల్‌లో పంపవచ్చా, లేక మా నాన్నగారు సంతకం చేయాలా? ఫ్లాటు నా పేరునా, నా భార్య పేరునా ఉంది.

సివిల్_ప్రాక్టీసు:
టెక్సాస్ పద్ధతిని ఇక్కడికి తీసుకురాకండి. అద్దె బాకీ ఉన్నా లేకున్నా మీ ఫ్లాటుకు వర్తించేది పదిహేను రోజుల నోటీసే. మీ తరఫున మీ నాన్నగారు గానీ లాయరు గానీ సంతకం చేయవచ్చు. అయితే దావా వేయడానికి, సాక్ష్యం చెప్పడానికి ఆయనకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడ రాసి పంపిన పవర్ పత్రానికి, ఇండియాకు చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది ఎన్నారైల కేసులు ఆలస్యమయ్యేది ఇక్కడే. సహయజమానులలో ఒకరు మాత్రమే దావా వేసినా, మరొకరు అభ్యంతరం పెట్టనంతవరకు అది చెల్లుతుంది. అయినా ఇద్దరి పేర్లతో ఇవ్వడం శుభ్రంగా ఉంటుంది. నోటీసులో బకాయిని నెలలవారీగా లెక్కకట్టి రాయండి, 'నాలుగు నెలలు బాకీ' అని మొత్తంగా వదిలేయకండి.

ఈ సందర్భంగా మల్కాజిగిరి మేడమ్ గారి కోసం నోటీసులో ఉండవలసిన ప్రధాన భాగాన్ని రాస్తున్నాను, వివరాలు మీరు నింపుకోండి:

"మీరు నా ఇంటి నంబరు ........ లోని మొదటి అంతస్తు పోర్షన్‌లో నెలకు రూ. 14,000 అద్దెకు నెలవారీ కిరాయిదారుగా ఉంటున్నారు. సదరు పోర్షన్ నా కుటుంబ నివాసానికి అవసరమైనందున, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం మీ కిరాయిదారీని ఈ నోటీసు ద్వారా ముగిస్తున్నాను. ఈ నోటీసు మీకు అందిన తేదీ నుంచి ముప్పై రోజులు ముగిసేసరికి సదరు పోర్షన్‌ను ఖాళీ చేసి నాకు స్వాధీనం చేయవలసినది. అట్లు చేయనియెడల స్వాధీనానికి, ఆ తరువాతి కాలానికి నష్టపరిహారానికి మీపై దావా వేయవలసి వస్తుంది."

ఇందులో 'ముగిస్తున్నాను' అన్న మాట చాలా ముఖ్యం. 'ఖాళీ చేయవలసిందిగా కోరుతున్నాను' అని మాత్రమే రాస్తే అది విన్నపమే తప్ప కిరాయిదారీని రద్దు చేసినట్లు కాదని వాదిస్తారు. కారణం రాయడం 106 కింద తప్పనిసరి కాదు, అయినా మీ కారణం న్యాయమైనది కనుక రాయమంటున్నాను.

పోర్షన్_నివాసి:
మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పరీక్షల మధ్యలో పిల్లల్ని బడి మార్చడం ఆ తల్లిదండ్రులకు నిజంగా కష్టమే. మీ అత్తమామలు వచ్చేది ఎప్పుడు? నోటీసు ఇచ్చే ముందు ఇద్దరికీ కుదిరే తేదీ ఒకటి కూర్చుని అనుకోవడం సాధ్యమవుతుందా?

మల్కాజిగిరి_ఇల్లు:
అనుకోవడానికేమీ లేదండి. మామయ్యగారికి కంటి ఆపరేషను ఉంది, అది అయ్యాక మే నెలలో వస్తే చాలు. ఏప్రిల్ చివరి వరకు ఉండమని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. నా భయమంతా, ఏప్రిల్ అయ్యాక 'ఇంకో రెండు నెలలు' అంటారేమోనని. నోటిమాట మీద మళ్ళీ కూర్చోలేను.

సివిల్_ప్రాక్టీసు:
దీనికి మంచి మార్గం ఉంది, ఎందుకో చాలామంది వాడుకోరు. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి, ఇద్దరూ వెళ్ళి, ఏప్రిల్ 30న స్వాధీనం చేస్తామన్న ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పు పత్రంగా, రాయించుకోండి. కోర్టు ఫీజు ఉండదు. 1987 చట్టం ప్రకారం ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. మే 1న వారు ఖాళీ చేయకపోతే మీరు కొత్తగా దావా వేయనక్కరలేదు, నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు. కార్యదర్శి గారు చెప్పిన ఏళ్ళ తరబడి ఆలస్యం అనే భయానికి కూడా ఇదే సమాధానం. నోటీసును మాత్రం ఈ వారంలోనే ఇచ్చి ఉంచండి, రాజీ కుదరకపోతే ఆ రోజులు వృథా కావు.

మల్కాజిగిరి_ఇల్లు:
ఇది నాకు నచ్చింది. ఈ సాయంత్రం మా వారితో కలిసి పైకి వెళ్ళి వారితో మాట్లాడతాను, ఒప్పుకుంటే సోమవారం దరఖాస్తు పెడతాము. అడ్వాన్సు 28,000 మా దగ్గర ఉంది, దాని గురించి కూడా అవార్డులో రాయించాలా?

సివిల్_ప్రాక్టీసు:
తప్పకుండా రాయించండి. తాళాలు అందిన రోజే, కరెంటు బకాయి ఉంటే దాన్ని మినహాయించుకుని మిగిలినది వారి ఖాతాకు పంపుతామని రాయించండి. ఆ రోజు ఇద్దరి ఎదుట మీటరు రీడింగు ఫోటో తీసి, తాళాలు అందినట్లు ఒక కాగితం మీద ఇరువురూ సంతకాలు చేసుకోండి.

పోర్షన్_నివాసి:
సున్నం, పెయింటు ఖర్చు ఎవరిదో కూడా ఇప్పుడే అనుకోండి మేడమ్. మా అడ్వాన్సు ఆగిపోయింది దాని దగ్గరే.